కూరెకుప్ప దిబ్బకు మూడు చిరునామాలు

మా ఆఫీసు కంప్యూటర్లో కూరెకుప్ప బూడిద దిబ్బ మూడు చోట్ల ఉంది. ఏకకాలంలో మూడు చోట్ల కనిపించడం దేవుళ్ళకు చెల్లుతుందేమో గాని బూడిదకు చెల్లదు. అందుకని నన్ను బళ్ళారి పంపారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బళ్ళారి చుట్టుపక్కల నేల మీద అక్కడక్కడా బూడిద దిబ్బలున్నాయి. నాలుగైదు వేల ఏళ్ళ కిందట పశువుల్ని మేపుకునే జనం పేడ పోగేసి, మళ్ళీ మళ్ళీ కాల్చగా మిగిలినవి అవి. హైదరాబాదులో మా సంస్థ దగ్గర వాటి పట్టిక ఒకటి ఉంది. కర్ణాటకలోని ఒక సంస్థ దగ్గర మరొకటి, విదేశంలోని ఒక విశ్వవిద్యాలయం దగ్గర ఇంకొకటి ఉన్నాయి. ముగ్గురూ ఎవరి పట్టిక వాళ్ళు బీరువాలో దాచుకుని, సభల్లో ఎదురైతే నమస్కారాలు పెట్టుకునేవాళ్ళు. ఇంటర్నెట్లో ఉపగ్రహ పటాలు వచ్చాక, అన్నీ ఒకే పటం మీదికి ఎక్కించి ఒకరివి ఒకరం చూసుకుందామని ఒప్పందం కుదిరింది. దిబ్బకొక ఎర్ర చుక్క. ఎక్కించే పని నాది.

మిగతా దిబ్బలు తలా ఒక పట్టికలోనే ఉండటంతో పేచీ రాలేదు. మూడింటిలోనూ ఉన్నది కూరెకుప్ప దిబ్బ ఒక్కటే. పొడవు, ఎత్తు, దొరికిన కుండపెంకులు అన్నీ సరిపోయాయి. చోటు మాత్రం సరిపోలేదు.

అది గనుల జోరు కాలం. ఇనుపరాయి లారీల కోసం ఆ వైపు కొత్త రోడ్డు గీస్తున్నారు. దారిలో పాత దిబ్బలేవైనా ఉంటే శుక్రవారం సాయంత్రంలోగా పటంలో చూపించమని ఆ రోడ్డు ఆఫీసు అడిగింది. "మూడు చోట్ల ఉందని చెబితే నవ్వుతారు. ఏదో ఒకటి తేల్చుకుని రండి" అన్నారు మా డైరెక్టరు. నేను తెనాలి మనిషిని. పదమూడేళ్ళుగా మ్యాపుల గదిలో పనిచేస్తున్నాను. అప్పటిదాకా నేను చూసిన దిబ్బలన్నీ తెర మీదివే.

బళ్ళారి

మంగళవారం పొద్దున బళ్ళారిలో దిగాను. స్టేషన్ బయట చెట్లు, ఆటోలు, గోడలు, ఒక తెల్ల కుక్క, అన్నీ ఇనుపరాయి దుమ్ముతో ఒకే ఎరుపులో ఉన్నాయి. కర్ణాటక సంస్థ తరఫున సతీశ జీపుతో వచ్చాడు. బళ్ళారిలో పుట్టి పెరిగినవాడు, ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. నన్ను చూడగానే అతని ముఖంలో జాలి కనిపించింది.

"మేడమ్, ఈ రంగు చీర కట్టుకోనొచ్చినారా?"

మీగడ రంగు నేత చీర. మధ్యాహ్నానికి అతని భావం అర్థమైంది.

లాడ్జీలన్నీ రాయి బ్రోకర్లతో నిండిపోయాయి. నాలుగోదానిలో ఒక గది దొరికింది. బోర్డు మీద మూడు వందలు, నోటి మాట తొమ్మిది వందలు. బోర్డు చూపించాను.

"అది పాత బోర్డు మేడమ్. రాయి రేటు పెరిగింది కదా" అన్నాడు మేనేజరు.

నేను రాయి కొనడానికి రాలేదని చెప్పాను. అదే సంగతి రోజుకు పదిమంది చెబుతారన్నట్టు తలాడించి తాళం ఇచ్చాడు.

టిఫినుకు సతీశ ఒక చిన్న హోటలుకు తీసుకెళ్ళాడు. మా తెనాలిలో మరమరాలు సాయంకాలం పిల్లల చేతిలో పోసే చిరుతిండి. ఇక్కడ వాటిని నీళ్ళలో తడిపి పిండేసి, పప్పుల పొడి చల్లి, ఉల్లిపాయలతో తాలింపు వేసి పొద్దున్నే పళ్ళెం నిండా పెడతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. సర్వరు దాన్ని ఉగ్గాని అన్నాడు. సతీశ ఒగ్గరణె అన్నాడు. నేను రెండు పళ్ళేలు తిన్నాను కాబట్టి ఇద్దరి మాటా నిలబెట్టినట్టయింది.

హచ్చొళ్ళి

బుధవారం మొదటి చుక్కకు బయలుదేరాం. ఇది మా సంస్థ పెట్టిన చుక్క. సిరుగుప్ప దాటి హచ్చొళ్ళి వైపు కాలువ దిగువకు వెళ్ళేసరికి ఎరుపు పోయి పచ్చదనం వచ్చింది. కనుచూపు మేర వరి. కృష్ణా డెల్టాలో ఎక్కడో దిగానేమో అనిపించింది. ఇక్కడ పొలాలు చేస్తున్నవాళ్ళలో చాలామంది ఒకప్పుడు కోస్తా నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ ఇళ్ళున్న చోటును ఇప్పటికీ క్యాంపు అనే అంటారు.

చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం బాణం గుర్తు చూపిస్తుంది, మనం నడవాలి. బాణం గట్టు మీదుగా వెళ్ళమంది, వెళ్ళాను. తర్వాత మడిలోకి వెళ్ళమంది. వద్దనుకునేలోపే కాలు జారి మోకాలిదాకా దిగబడ్డాను. ఒక చెప్పు బళ్ళారి జిల్లాకే వదిలేశాను. యంత్రం ఉన్న చెయ్యి మాత్రం పైకెత్తే ఉంచానని సతీశ తర్వాత అందరికీ చెప్పాడు.

బాణం చివరికి ఒక గేదెల కొట్టం వెనక, పేడ కుప్ప దగ్గర ఆగింది.

సతీశ కుప్పను గౌరవంగా చూశాడు. "చోటు కరెక్టే అనిపిస్తాండాది మేడమ్. మనమే నాలుగు వేల ఏండ్లు ముందుగా వచ్చినాము."

ఇంతలో ఆసామి వచ్చాడు. వెంకటరత్నం గారని అరవై దాటిన మనిషి. కాలవ సర్వేకు వచ్చారా అని అడిగాడు. విషయం చెప్పాను.

"మా కొట్టం మీద చుక్కా? ఎవరు పెట్టారండీ?"

"మా ఆఫీసేనండీ."

"ఎందుకు పెట్టిందండీ?"

ఆయన గొంతులో భయం నిజమైనది. "చుక్క పడితే గవర్నమెంటోళ్ళు నేల తీసుకుంటారంటగా. ముప్పై ఏళ్ళు చేసిన పొలమండీ ఇది."

అలాంటిదేమీ జరగదని చెబుతుండగా ఆయన భార్య సావిత్రమ్మ గారు నా బురద కాళ్ళు చూసి చెంబుతో నీళ్ళు తెచ్చారు. ఏ ఊరని అడిగారు. తెనాలి అన్నాను. ఆ మాటతో సర్వే సంగతి పక్కకు పోయింది. తెనాలిలో ఏ పేట, ఎవరి అమ్మాయి, ఫలానావాళ్ళు తెలుసా అంటూనే ఆకు వేసి కూర్చోబెట్టారు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గడ్డ పెరుగు. సతీశ గోంగూర మూడుసార్లు వేయించుకున్నాడు.

"ముప్పై ఏళ్ళయినా వీళ్ళ జొన్నరొట్టె చెయ్యడం నాకు చేతకాలేదమ్మా. పెనం మీద వేస్తే ముక్కలైపోద్ది" అన్నారావిడ. "వాళ్ళకి మాత్రం మన గోంగూర వచ్చేసింది. పక్కింటి బసమ్మ నాకంటే బాగా నూరుద్ది."

బయలుదేరుతుంటే వెంకటరత్నం గారు తెల్ల కాగితం, కలం తెచ్చారు. ఇక్కడ చుక్క లేదని రాసిమ్మన్నారు. 'ఈ స్థలంలో పురాతనమైనది ఏదీ లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"మా అత్తగారి కాలం నాటి రోలుందండీ. అది లెక్కలోకి రాదు కదా?"

రోలును మినహాయిస్తూ ఇంకో వాక్యం చేర్చాను.

తారానగర్

గురువారం సండూరు కొండల వైపు. రెండో చుక్క, విదేశీ విశ్వవిద్యాలయం వారిది. దారంతా లారీలే. ఎదురుగా వచ్చేవి నిండుగా, వెంట వచ్చేవి ఖాళీగా. మధ్యలో మా జీపు. ఎడమవైపు కొండకు ఒక వైపంతా మెట్లు మెట్లుగా కోసేసి ఉంది.

చుక్క తారానగర్ పక్కన లారీలు నిలిపే మైదానంలో పడింది. దిబ్బలాంటిది ఏదీ లేదు, పాత టైర్ల పోగు తప్ప. అంచున హులిగెమ్మ అనే ఆమె టీ బంకు. నేను యంత్రం పట్టుకుని అటూ ఇటూ నడవడం ఆమె కాసేపు చూసింది.

"గ్రేడు మిషనా మేడమ్ అది?"

రాయిలో ఇనుము నూటికి ఎంతో చెప్పే మిషన్ అనుకుంది; ఆ రోజుల్లో చేతిలో యంత్రం ఉన్నవాళ్ళంటే ఇనుము వెతికేవాళ్ళే. నేను కాదనేలోపే కబురు పాకింది. పావుగంటలో పది పన్నెండు మంది వచ్చారు, ఒక్కొక్కరి చేతిలో ఎర్రరాయి. ఒక ముసలాయన తువ్వాలులో పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

"మా చేన్లోది మేడమ్. జరా చూడు. అరవై ఉండాదా?"

ఇది రాళ్ళను చూడదని చెప్పాను. ఆయన నా మాట పట్టించుకోకుండా రాయిని యంత్రం కింద పెట్టి తెర మీదికి వంగాడు. అక్కడ, ఆకాశంలో అందుతున్న ఉపగ్రహాల సంఖ్య ఉంది.

"ఐదే చూపిస్తాండాది" అన్నాడు నీరసంగా.

వెనకున్నవాళ్ళు అయ్యో అన్నారు. నాకు మనసొప్పక, లారీ నీడ నుంచి పక్కకు జరిగి చూడమన్నాను. ఉపగ్రహాలు పెరిగాయి. "తొమ్మిది. ఎక్కతాండాది" అన్నాడు. ఇక అందరూ తమ రాళ్ళతో మైదానం నడుమకు జరిగారు. సతీశ జీపు బానెట్ మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. సాయం మాత్రం చేయలేదు.

చివరికి గొంతు పెంచి చెప్పాను. మేము ఇనుము కోసం రాలేదు, పూర్వం జనం పేడ కాల్చిన చోటు వెతుకుతున్నాం అని. ముసలాయన రాయిని మళ్ళీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

"పేడకా?" అని అడిగాడు. "ఇంత దూరమొచ్చింది పేడకా?"

టీ డబ్బులిస్తే హులిగెమ్మ తీసుకోలేదు. "పాపం, ఉండనీ మేడమ్. మీకు ఏమొస్తాది ఈ పనిలో" అంది.

తిరుగు దారిలో ఒక లారీ ఇరుసు విరిగి రోడ్డు ఆగిపోయింది. రెండు గంటలు కదల్లేదు. ఊరికే కూర్చోలేక మూడు పట్టికల కాగితాలూ జీపు సీటు మీద పరిచాను. పటం మీదికి ఎక్కించేటప్పుడు మేము కొలతలు, స్థలం మాత్రమే తీసుకున్నాం. చివర ఒక గడి మిగిలిపోయింది, 'సమాచారం ఇచ్చినవారు' అని. పనికిరాదని ఎవరూ ఎక్కించలేదు. మా కాగితంలో ఆ గడిలో 'ఎస్. దేవసహాయం, ఉపాధ్యాయుడు' అని ఉంది. సతీశవాళ్ళ దాంట్లో 'దేవసాయ మేష్ట్రు, కూరెకుప్ప'. విదేశీయుల దాంట్లో 'దేవ్, సహాయకుడు'.

సతీశ మూడూ చదివి ఇంజను ఆపేశాడు. "మేడమ్, ముగ్గురూ ఒక్కడేనా?"

కూరెకుప్ప

శుక్రవారం పొద్దున మూడో చుక్కను కూడా చూశాం. సతీశవాళ్ళది. అది ఒక కల్యాణ మంటపం వంటశాలలో పడింది. అక్కడ బూడిద ఉంది గాని నిన్నటి పెళ్ళిది. నేనేమైనా అంటానేమోనని సతీశ నా వైపు చూడలేదు.

దేవసహాయం మాస్టరు ఇల్లు చర్చి పక్క సందులో. డెబ్బై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని కింద ఆయన చదువు చెప్పిన పిల్లల ఫోటోలు. తాతల కాలంలోనే మిషన్ సంఘంలో చేరిన కుటుంబం. భార్య గ్రేసమ్మ గారు వద్దన్నా వినకుండా జొన్నరొట్టె, గుత్తి వంకాయ పెట్టారు. రొట్టె కాగితంలా పలుచగా ఉంది. సావిత్రమ్మ గారు చూస్తే కుళ్ళుకునేవారు.

మూడు కాగితాలు ఆయన ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివారు.

"మూడూ తప్పేనమ్మా" అన్నారు. "నేనే తప్పు చెప్పినా."

సతీశ చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ముందు ఊరెనక ఇంకో చిన్న దిబ్బ ఉండేది. ఒక ప్రొఫెసరు వస్తే నేనే సంతోషంగా చూపించినా. ఆయన బోర్డు పెట్టిపోయె. 'పురాతన స్థలం' అని. జనం ఆ బోర్డు చదివి, నిధి ఉండాదని గడ్డపారలు తీసుకోనొచ్చిరి. నిధి లేకపోతే బూడిదన్నా పొలానికి ఎరువైతాదని బండ్లకెత్తిరి. ఆరు నెలల్లో దిబ్బ లేదు, బోర్డూ లేదు. బోర్డు ఎవరింటి తలుపైందో నాకు తెలుసు, చెప్పను." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పిల్లోళ్ళకు చదువుకోండి, చదువుకోండి అని చెప్పినోన్ని. వాళ్ళు చదివింది ఆ బోర్డే. అందుకని, పెద్ద దిబ్బ గురించి ఎవరు అడిగినా తప్పు చెప్పినా."

"కానీ మావాళ్ళు చూసి కొలిచారు కదా సార్" అన్నాడు సతీశ.

"కొలిచినారప్పా. జీపులో చుట్టూ తిప్పి తిప్పి తీసుకపోయినా. పొడుగు, ఎత్తు కొలిచిరి, పెంకులు ఎంచిరి. ఏ చోటని మాత్రం నన్నడిగిరి. తెల్లదొరలకు తారానగర్ అన్నా. మీవాళ్ళకు ఊరికి ఈ పక్కన అన్నా."

"మరి హచ్చొళ్ళి?" అన్నాను.

ఆయన కాస్త మొహమాటపడ్డారు. "హైదరాబాదోళ్ళు రానే లేదు కదమ్మా. జాబు రాసిరి. కొలతలు పంపిస్తి. రానోళ్ళకు యాడ చెప్తే ఏమి, అని దూరంగా చెప్పినా."

సతీశ రొట్టె తినడం మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి హాయిగా.

"అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆదివారం చర్చిలో ఒప్పుకున్నాడులేమ్మా" అన్నారు గ్రేసమ్మ గారు. "నేను పక్కనే ఉంటి."

రోడ్డు సంగతి ఆయనకు తెలియదు. సాయంత్రంలోగా సరైన చోటు చెప్పకపోతే లారీల రోడ్డు దాని మీదుగా పోవచ్చని చెప్పాను. ఆయన లేచి చెప్పులేసుకుని, గొడుగు తీసుకున్నారు.

దిబ్బ

ఊరికి రెండు మైళ్ళుంటుంది, మేమెవరమూ చుక్క పెట్టని దిక్కున. నల్లనేలలో పడుకున్న గేదె వీపులా బూడిద రంగు గుట్ట. పైన గడ్డి, సర్కారు తుమ్మ. ఒక పక్క వాన కోసినచోట పొరలు కనిపిస్తున్నాయి, తెలుపు, బూడిద, మళ్ళీ తెలుపు. ఒక్కో పొరా ఒక్కో మంట అన్నారు మాస్టరు. ఇన్నాళ్ళూ చుక్కగానే చూసినదాని మీద చెయ్యి పెట్టాను. చేతికి మెత్తగా, తేలిగ్గా తగిలింది.

ఇంతలో సతీశ పిలిచాడు. దిబ్బకు తూర్పున నేలలో పాతిన రోడ్డు సర్వే రాళ్ళున్నాయి. తలకు తెల్ల రంగు పూసి, ఇరవై అడుగులకొకటి, వరుసగా. ఆ వరుస సూటిగా దిబ్బ వైపే వస్తోంది. చివరి రాయి దిబ్బ అంచునే ఉంది.

మాస్టరు గొడుగు మడిచి ఆ రాయి దగ్గర నిలబడ్డారు. నేను యంత్రం తీశాను. ఆయన గొడుగు అడ్డం పెట్టారు.

"ఆగమ్మా. ఇది నీ మిషన్లోకి పోతే ఎవరెవరు చూస్తారు?"

"మూడు సంస్థలవాళ్ళు సార్. పాస్‌వర్డ్ అనే తాళం ఉన్నవాళ్ళే."

"రోడ్డోళ్ళు చూడరా? వాళ్ళ నుంచి కంట్రాక్టరు, కంట్రాక్టరు నుంచి ఊరంతా. మళ్ళా గడ్డపారలే కదా."

ఆయన భయం తీసిపారేసేది కాదు. చెప్పకపోతే రోడ్డు తింటుంది. చెబితే జనం తవ్వుతారు. నడి ఎండలో ముగ్గురం గంటసేపు వాదించుకున్నాం. చివరికి నాకు తోచింది చెప్పాను. రోడ్డు ఆఫీసుకు చుక్క ఇవ్వం. మైలు వెడల్పున ఒక పెద్ద గుండ్రం గీసి, ఇందులోకి రోడ్డు రాకూడదని మాత్రం చెబుతాం. లోపల ఏముందో, ఎక్కడుందో మూడు సంస్థలకే తెలుస్తుంది.

ఆయన ఆలోచించారు. "మంచిది. అయితే నాకూ ఒక తాళమియ్యి. ఎవరు చూస్తాండారో నేనూ చూస్తా."

తోరణగల్లు

దగ్గర్లో ఇంటర్నెట్ ఉన్నది తోరణగల్లులోనే. నాలుగు కంప్యూటర్ల గది. మూడింటి ముందు లారీ ఓనర్లు కూర్చుని చైనాలో రాయి ధర చూసుకుంటున్నారు. నాలుగోది మాకు దొరికేసరికి మూడున్నర. గుండ్రం గీస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు వేయించి మళ్ళీ గీశాను. పంపించి, అందినట్టు జవాబు వచ్చేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ.

తర్వాత మాస్టరు తాళం. ఫారంలో 'సంస్థ పేరు' అనే గడి ఉంది. అది నింపకపోతే పని జరగదు. వ్యక్తులకు ఇచ్చే వీలు లేదు.

"సంస్థ అంటే ఏంది?" అని అడిగారు.

"కొంతమంది కలిసి విషయాలు పోగుచేసి, దాచి, అడిగినవాళ్ళకు చెప్పే చోటు" అన్నాను.

"అడిగినోళ్ళకు చెప్పడం ఒక్కటి తప్ప అన్నీ చేసినా" అన్నారాయన. "రాసుకో. దేవసహాయం, గ్రేసమ్మ, కూరెకుప్ప."

అదే రాశాను. పటం ఒప్పుకుంది. ఆ సాయంత్రం నుంచి మా ఒప్పందంలో నాలుగు సంస్థలున్నాయి.

హైదరాబాదు

తిరిగొచ్చి నెల దాటాక మాస్టరు ఫోన్ చేశారు. తెల్ల రంగు రాళ్ళు పీకి, ఉత్తరాన దూరంగా పాతారట. దిబ్బకు ఎర్ర దుమ్ము తప్పదు గాని టైర్లు తప్పాయి. తర్వాత, వారానికోసారి తోరణగల్లు వెళ్ళి పటం చూస్తున్నానని, మేము రాసిన ఊళ్ళ పేర్లలో అక్షరదోషాలు చాలా ఉన్నాయని, వాటిని దిద్ది పంపుతున్నానని చెప్పారు.

"ఇంకొకటమ్మా. మీ పటంలో సండూరు పక్క, సిరుగుప్ప పక్క ఇంకా చానా చుక్కలుండాయి కదా. అవి చెప్పినోళ్ళెవరో చూసినావా?"

చూడలేదు. ఫోన్ పెట్టకుండానే పాత కాగితాలు తీసి చివరి గడి చదివాను. యేసుదాసు, ఉపాధ్యాయుడు. రుద్రప్ప, ఉపాధ్యాయుడు. కాశీంసాబు, ఉపాధ్యాయుడు. కాగితం కింద కాగితం తిప్పాను. ఇద్దరు తప్ప అందరూ ఉపాధ్యాయులే.

"అందరమూ ఒక్క ట్రైనింగు స్కూలోళ్ళమమ్మా" అన్నారు మాస్టరు. "మా చిన్న దిబ్బ పోయినప్పుడే అందరికీ జాబులు రాసినా, జాగ్రత్త, అడిగినోళ్ళకు సరైన చోటు చెప్పొద్దండి అని."

ఆయన ఫోన్ పెట్టేశారు. నేను తెర మీద చుక్కలన్నీ ఒకసారి చూసుకున్నాను. లోపలి గదిలోంచి డైరెక్టరు కేకేసి, బళ్ళారి పటం మొత్తం సరిపోయినట్టేనా, నివేదికలో రాసేయవచ్చా అని అడిగారు.

"కూరెకుప్ప వరకు సరిపోయింది సార్" అన్నాను.